టెన్నిస్ రాకెట్ మార్చాలా, రాకెట్‌లోనే ఏదైనా మార్చాలా?

ఆట కుదరని రోజుల్లో తప్పంతా రాకెట్ మీదికే పోతుంది. ఒక్కోసారి తప్పు నిజంగా దానిదే. కానీ అది ఫ్రేమ్‌దా, స్ట్రింగులదా, చుట్టిన గ్రిప్‌దా అని విడదీసి చూడకుండా కొత్తది కొంటే పాత జబ్బే కొత్త రంగు వేసుకుని తిరిగొస్తుంది. బరువు కోసం ఎంత సీసం టేపు అతికించినా బాగుపడని రాకెట్లు కూడా ఉంటాయి. వాటి మీద నెలల తరబడి ప్రయోగాలు చేయడమూ దండగే.

నిర్ణయమంతా ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది: రాకెట్‌కి బరువు కలపగలం, తీయలేం. గ్రిప్‌ని లావు చేయడం సులువు, సన్నం చేయడం కష్టం. హెడ్ సైజు, స్ట్రింగ్ ప్యాటర్న్ (నిలువు, అడ్డం స్ట్రింగుల లెక్క: 16×19, 18×20 వగైరా), ఫ్రేమ్ బిరుసు, బీమ్ (ఫ్రేమ్ కమ్మీ) మందం అచ్చులోంచి వచ్చేటప్పుడే ఖాయమైపోతాయి, వాటిని ఎవరూ మార్చలేరు. రోజర్ ఫెదరర్‌కి రాకెట్ సవరించి ఇచ్చే నిపుణులకు కొదవ లేదు. అయినా 90 చదరపు అంగుళాల హెడ్ చాలదనుకున్నప్పుడు ఆయన 2014లో 97కి మారాల్సి వచ్చింది. టేపు అతికించి 90ని 97 చేసే దారి ఆయనకీ లేదు.

కాబట్టి మీకు కావలసిన మార్పు కలిపే రకమా, అచ్చు మార్చాల్సిన రకమా అని తేల్చుకోవడమే అసలు పని. కింది క్రమంలో వెళ్లండి. వరుస తప్పితే ఏ మార్పు ఏం చేసిందో తెలియకుండా పోతుంది.

1. ఫిర్యాదును ఒక్క వాక్యంలో రాయండి

“పవర్ లేదు”, “ఫీల్ రావట్లేదు” అంటే లాభం లేదు. ఏ షాట్‌లో, ఎప్పుడు, బంతి ఎక్కడ పడుతోందో రాయాలి. “బ్యాక్‌హ్యాండ్ బంతులు సర్వీస్ లైన్ దగ్గరే పడుతున్నాయి.” “వాలీలో బంతి కాస్త పక్కన తగిలితే రాకెట్ చేతిలో తిరిగిపోతోంది.” “గంట దాటాక ఫోర్‌హ్యాండ్ ఆలస్యమవుతోంది.” ఇలా ఉంటేనే దానికి మందు వెతకగలం.

అదే ఫిర్యాదు ఇంకొకరి రాకెట్‌తో ఆడినా వస్తోందా చూడండి. రెండు మూడు వేర్వేరు రాకెట్లతోనూ అదే జరిగితే దారి కోచ్ దగ్గరికి, దుకాణానికి కాదు. ఒక్క షాట్‌లోనే ఇబ్బంది ఉండి మిగతావన్నీ బాగుంటే అప్పుడు కూడా ముందు అనుమానించాల్సింది స్ట్రోక్‌నే.

2. ఫ్రేమ్ బతికే ఉందా?

స్ట్రింగుల మధ్య నుంచి టార్చి వేసి లోపలి అంచు మొత్తం చూడండి. పగుళ్లు ఎక్కువగా కనిపించేది హెడ్ పైభాగంలో నేలకు గీసుకునే చోట, హెడ్ త్రోట్‌లోకి (హ్యాండిల్‌కి పైన చీలిన భాగంలోకి) దిగే భుజాల దగ్గర, స్ట్రింగులు దూరే ప్లాస్టిక్ గొట్టాలైన గ్రామెట్ల రంధ్రాల చుట్టూ. గీత కనబడితే గోరుతో అడ్డంగా గీకండి. గోరు జారిపోతే చాలావరకు పెయింట్ గీతే. గోరు ఇరుక్కుంటే, హెడ్‌ని రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కినప్పుడు గీత తెరుచుకుంటే, గ్రాఫైట్ పగిలినట్టే. బంతి తగిలినప్పుడు డబ్బా మోగినట్టు బరబరమనే చప్పుడు రావడం ఇంకో గుర్తు. అయితే ముందు డ్యాంపెనర్ (స్ట్రింగుల మధ్య ఇరికించే రబ్బరు ముక్క), ఊడొచ్చిన బట్ క్యాప్ (హ్యాండిల్ చివరి మూత), హ్యాండిల్‌లో రాలిన జిగురు ముక్క ఆ చప్పుడు చేయట్లేదని నిర్ధారించుకోండి.

పగిలిన గ్రాఫైట్ ఫ్రేమ్‌ని అతికించే పని పెట్టుకోకండి. గట్టింగ్ చేసినప్పుడు (అంటే స్ట్రింగులు బిగించినప్పుడు) అవన్నీ కలిసి ఫ్రేమ్ మీద వేసే భారం చాలా ఎక్కువ. అతుకు మెషీన్ మీదే విరుగుతుంది, లేదా ఆటలో విరుగుతుంది. ఇక్కడ జవాబు ఒక్కటే, కొత్త రాకెట్.

గ్రామెట్లు అరిగితే ఆ కథ వేరు. స్ట్రింగులు బంతి తగిలే చోట కాకుండా పదే పదే ఫ్రేమ్ అంచు దగ్గరే తెగుతున్నాయంటే ప్లాస్టిక్ గ్రామెట్ చీలి, స్ట్రింగ్ నేరుగా గ్రాఫైట్ అంచుకి ఒరుసుకుంటోందని అర్థం. గ్రామెట్ సెట్ మారిస్తే సరిపోతుంది. కానీ అది సరిగ్గా మీ మోడల్‌దే, ఆ తరానిదే అయి ఉండాలి, దగ్గరి పోలిక ఉన్నది పట్టదు. మోడల్ పాతబడి సెట్ ఎక్కడా దొరకట్లేదంటే ఆ రాకెట్ రోజులు దగ్గర పడినట్టే. అతికించుకున్న సీసంతో పాటు అదీ అటకెక్కుతుంది కాబట్టి దాని మీద పెద్ద సవరణలు పెట్టుకోకండి.

హెడ్‌కీ హ్యాండిల్‌కీ మధ్య వేరే ముక్క పెట్టి బిగించిన అల్యూమినియం రాకెట్లు సవరణకు తగినవి కావు. గ్రిప్ మార్చుకుని ఆడినన్నాళ్లు ఆడి వదిలేయండి.

3. స్ట్రింగులు, గ్రిప్: అనుమానితుల్లో ముందు వరుస

రాకెట్ మార్చాలనుకునేవాళ్లలో చాలామందికి కావలసింది గట్టింగ్ మాత్రమే. బంతికి తగిలేది స్ట్రింగులు, చేతికి తగిలేది గ్రిప్. ఫ్రేమ్ ఈ రెండింటి నడుమ ఉన్నది.

పాలియెస్టర్ స్ట్రింగులతో పెద్ద చిక్కు ఏమిటంటే అవి తెగకముందే చచ్చిపోతాయి. మొదటి కొన్ని రోజుల్లోనే టెన్షన్ (స్ట్రింగుల బిగువు) బాగా పడిపోతుంది. తరువాత సాగే గుణం పోయి, బంతి తగిలాక పక్కకు జరిగిన స్ట్రింగ్ మళ్లీ వెనక్కి రాదు. ప్రతి పాయింట్ తరువాత వేళ్లతో స్ట్రింగులు సర్దుకుంటున్నారా? అదే గుర్తు. అప్పుడు టాప్‌స్పిన్ తగ్గుతుంది, బంతి ఎక్కడికి పోతుందో చెప్పలేం, దెబ్బ మోచేతికి ఎక్కుతుంది. ఆడే జోరును బట్టి 10 నుంచి 20 గంటల ఆటకే పాలియెస్టర్ ఈ స్థితికి వస్తుంది. నైలాన్ రకాలైన మల్టీఫిలమెంట్, సింథటిక్ గట్ కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి, పోయే ముందు పీచులు లేస్తాయి. వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి కనీసం అన్నిసార్లు గట్టింగ్ అన్నది పాత లెక్క. పాలియెస్టర్‌కి అది చాలదు.

ఒక గట్టింగ్‌తో తేలిపోయే ఫిర్యాదులు ఇవి:

- బంతి పొట్టిగా పడుతోంది: టెన్షన్ 2–3 పౌండ్లు తగ్గించండి, లేదా 1.30 మిల్లీమీటర్ల స్ట్రింగ్ బదులు 1.25 వేయించండి.
- బంతి బయటికి పోతోంది: 2 పౌండ్లు పెంచండి. ఒకేసారి 5 పౌండ్లు పెంచితే మంచి బంతి తగిలే చోటు కుంచించుకుపోయినట్టుంటుంది, చేయి నొప్పెడుతుంది.
- మోచెయ్యి, మణికట్టు నొప్పి: పాలియెస్టర్ తీసేసి మల్టీఫిలమెంట్ లేదా నేచురల్ గట్ (పశువుల పేగుతో చేసేది), అది కూడా ఫ్రేమ్ మీద రాసి ఉన్న టెన్షన్ హద్దుల్లో కిందివైపు. వారాలు గడిచినా నొప్పి తగ్గకపోతే రాకెట్ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.

నైలాన్ రకం నుంచి పాలియెస్టర్‌కి వెళ్తుంటే పాత టెన్షన్‌నే ఉంచకండి. పాలియెస్టర్ బిరుసు కాబట్టి 5 నుంచి 10 శాతం తగ్గించాలి. 55 పౌండ్లకు అలవాటు పడినవాళ్లు 50–52 దగ్గర మొదలుపెట్టొచ్చు. డ్యాంపెనర్ గురించి కూడా ఇక్కడే చెప్పేద్దాం. అది స్ట్రింగుల మోతను మాత్రమే తగ్గిస్తుంది, ఫ్రేమ్ నుంచి చేతికి వచ్చే అదురు దానితో పోదు.

స్ట్రింగ్ తెగిన రాకెట్‌ని అలాగే సంచిలో పడేయకండి. మిగిలినవి ఒక పక్కకే లాగుతూ ఉంటాయి. మధ్య నుంచి మొదలుపెట్టి నిలువువీ అడ్డంవీ ఒకటి విడిచి ఒకటి కత్తిరించుకుంటూ బయటికి రండి.

గ్రిప్ కొలతకి సులువైన పరీక్ష ఉంది. ఫోర్‌హ్యాండ్‌కి పట్టుకున్నట్టు రాకెట్ పట్టుకుని, వేళ్ల కొసలకీ అరచేతి కండకీ మధ్య రెండో చేతి చూపుడు వేలు పెట్టి చూడండి. సరిగ్గా పట్టాలి. వేలు దూరకపోతే గ్రిప్ సన్నం, ఇంకా చోటు మిగిలితే లావు. సన్నమైతే పని తేలిక: ఒక ఓవర్‌గ్రిప్ (గ్రిప్ మీద చుట్టే పలుచటి పట్టీ) దాదాపు అర సైజు పెంచుతుంది, 5–6 గ్రాముల బరువూ తెస్తుంది. పూర్తి సైజు కావాలంటే హ్యాండిల్ మీద హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని పట్టేసే తొడుగు) వేయించాలి. లావైతేనే ఇబ్బంది. అడుగు గ్రిప్ తీసేసి నేరుగా రెండు ఓవర్‌గ్రిప్‌లు చుట్టి కొద్దిగా సన్నం చేయొచ్చు, అంతకు మించి కుదరదు. హ్యాండిల్ ఫోమ్‌ని చెక్కే సాహసం చేస్తే ఎనిమిది పలకల ఆకారం పోతుంది, పట్టు చేతికి తెలియకుండా పోతుంది. గ్రిప్ ఒక సైజు పైగా లావున్న రాకెట్‌ని మార్చేయడమే మేలు.

ఈ రెండూ సరిచేశాక కనీసం మూడు సెషన్లు ఆడండి. ఫిర్యాదు పోతే ఈ గైడ్‌తో మీ పని అయిపోయింది.

4. కొలవండి

ఫిర్యాదు ఇంకా ఉంటే మూడు అంకెలు కావాలి: బరువు, బ్యాలెన్స్, స్వింగ్‌వెయిట్. కేటలాగ్‌లో ఉన్న అంకెల్ని నమ్ముకోకండి. అక్కడ 300 గ్రాములు అని ఉంటే అది సాధారణంగా స్ట్రింగులు లేని బరువు. స్ట్రింగులతో 316 దాకా, ఓవర్‌గ్రిప్‌తో 322 దాకా వస్తుంది. పైగా ఒకే మోడల్‌లో ఒక రాకెట్‌కీ ఇంకోదానికీ కొన్ని గ్రాముల తేడా మామూలే.

బరువుకి వంటింటి డిజిటల్ తూకం చాలు, గ్రాము దాకా చూపితే మంచిది. బ్యాలెన్స్ కోసం రాకెట్‌ని స్కేలు అంచు మీద అడ్డంగా నిలబెట్టి, ఎటూ ఒరగని చోట గుర్తు పెట్టి, బట్ చివరి నుంచి సెంటీమీటర్లలో కొలవండి. మామూలు 68.6 సెంటీమీటర్ల (27 అంగుళాల) రాకెట్‌కి నడిబొడ్డు 34.3. అంతకంటే తక్కువ వస్తే హెడ్ తేలిక, ఎక్కువైతే హెడ్ బరువు. స్ట్రింగర్లు చెప్పే ‘పాయింట్’ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, దాదాపు 3.2 మిల్లీమీటర్లు.

స్వింగ్‌వెయిట్ అంటే ఊపేటప్పుడు రాకెట్ ఎంత బరువుగా అనిపిస్తుందో చెప్పే అంకె. మూడింట్లో ఆటకు ఎక్కువ సంబంధం ఉన్నది ఇదే, కేటలాగుల్లో ఎక్కువగా దాక్కునేదీ ఇదే. మంచి స్ట్రింగర్ దగ్గర మెషీన్ ఉంటుంది. లేకపోతే ఇంట్లో లోలకం పద్ధతి ఉంది:

బట్ చివరి నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర హ్యాండిల్‌కి అడ్డంగా, స్ట్రింగుల తలానికి సమాంతరంగా, సన్నని గట్టి ఉక్కు పుల్లని (అల్లిక సూది బాగా పనికొస్తుంది) కదలకుండా కట్టండి. పుల్ల రెండు కొసలనీ ఒకే ఎత్తున్న రెండు బల్లల అంచుల మీద ఆనించి, రాకెట్‌ని తలకిందులుగా వేలాడదీయండి. హెడ్‌ని జానెడు కంటే తక్కువ దూరం లాగి వదలండి. ముందుకు వెళ్లి వెనక్కి వస్తే ఒక ఊపు. 30 ఊపులకు పట్టిన సెకన్లను 30తో భాగిస్తే ఒక ఊపు కాలం వస్తుంది. ఇక లెక్క:

స్వింగ్‌వెయిట్ = 24.8 × బరువు (కిలోల్లో) × (బ్యాలెన్స్ – 10) × ఊపు కాలం × ఊపు కాలం

ఉదాహరణకు 318 గ్రాముల రాకెట్, బ్యాలెన్స్ 32.5, 30 ఊపులకు 40.5 సెకన్లు. ఊపు కాలం 1.35. 24.8 × 0.318 × 22.5 × 1.35 × 1.35 = సుమారు 323. గడియారం నొక్కడంలో అర సెకను తప్పితే ఫలితం 8 దాకా అటూ ఇటూ అవుతుంది, కాబట్టి మూడు సార్లు కొలిచి సగటు తీసుకోండి. ఓవర్‌గ్రిప్, డ్యాంపెనర్ సహా, మీరు ఆడే స్థితిలోనే కొలవాలి.

పెద్దవాళ్ల రాకెట్లు స్ట్రింగులతో చాలావరకు 290 నుంచి 340 మధ్య ఉంటాయి. క్రమం తప్పకుండా ఆడే మధ్యస్థాయి వాళ్లకు 315–325 సాధారణంగా సౌకర్యంగా ఉంటుంది.

5. ఫిర్యాదు ఏ పక్కకి పడుతుంది?

బరువు కలిపితే తీరేవి: పక్కన తగిలిన బంతికి రాకెట్ తిరిగిపోవడం, జోరైన సర్వీసు ముందు రాకెట్ వెనక్కి తోసుకుపోవడం, స్ట్రింగులు మార్చినా బంతికి లోతు రాకపోవడం, హెడ్ మరీ ముందుకు లాగుతున్నట్టుండటం.

కలిపితే తీరనివి: ఊపు ఆలస్యం కావడం, భుజం అలిసిపోవడం. ఇది స్వింగ్‌వెయిట్ ఎక్కువై వచ్చిన జబ్బు. హెడ్ దగ్గర పాత యజమాని ఎవరైనా టేపు అతికించి ఉంటే అది తీయండి, సన్నని స్ట్రింగ్ వేయించండి. అంతకంటే తగ్గించే దారి లేదు. హ్యాండిల్‌లో బరువు పెడితే హెడ్ తేలికైనట్టు అనిపిస్తుంది గానీ కొలిస్తే స్వింగ్‌వెయిట్ అలాగే ఉంటుంది. అలసట మూడో గేమ్ బదులు ఆరో గేమ్‌లో వస్తుంది, అంతే.

ఫ్రేమ్ బిరుసుకి కూడా సవరణ లేదు. ఆర్.ఏ. అనే అంకెతో దాన్ని చెబుతారు. స్థూలంగా 60 లోపు మెత్తన, 67 దాటితే బిరుసు. 70 దగ్గరున్న తేలికపాటి ఫ్రేమ్‌తో చెయ్యి నొప్పెడుతుంటే, మెత్తటి స్ట్రింగులు వేసినా తగ్గకపోతే, ఫ్రేమ్ మార్చండి. బరువు పెంచితే అదురు కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ నొప్పి ఉన్న చేతికి బరువు కలపడమంటే కొండ నాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుక ఊడగొట్టుకోవడమే.

260–280 గ్రాముల మందపాటి రాకెట్ నుంచి పైస్థాయికి వెళ్లాలనుకునే వాళ్లు తరచూ 30 గ్రాములు కలిపి ‘ప్లేయర్ రాకెట్’ చేద్దామనుకుంటారు. బరువు వస్తుంది, మిగతా ఏదీ రాదు. మందపు బీమ్, బిరుసు, హెడ్ సైజు అలాగే ఉంటాయి. మొత్తం కలపాల్సింది 12–15 గ్రాములు దాటుతోందంటే, లేదా స్వింగ్‌వెయిట్ 20 కంటే ఎక్కువ పెరగాలంటే, ఆ బరువు అచ్చులోనే ఉన్న రాకెట్ వెతుక్కోండి.

పిల్లల విషయం ఇంకా సులువు. 25, 26 అంగుళాల రాకెట్లకు టేపు అతికించే పని లేదు. ఎదిగితే పొడవు మార్చాలి.

6. హెడ్‌లో టేపు: ఎక్కడ, ఎంత

పావు అంగుళం వెడల్పున్న లెడ్ (సీసం) టేపు 4 అంగుళాలకు (10 సెంటీమీటర్లకు) దాదాపు 1 గ్రాము తూగుతుంది. అర అంగుళం టేపైతే 2 అంగుళాలకే ఒక గ్రాము. హెడ్‌ని గడియారం ముఖంలా ఊహించుకోండి, కొస 12. ఒక్కో గ్రాము స్వింగ్‌వెయిట్‌ని ఎంత పెంచుతుందంటే:

- 12 దగ్గర: సుమారు 3.4
- 10, 2 దగ్గర: సుమారు 2.7
- 3, 9 దగ్గర: సుమారు 1.8
- త్రోట్‌లో: సుమారు 0.5
- హ్యాండిల్ పైభాగంలోనూ, బట్‌లోనూ: 0.1 కూడా ఉండదు

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, బట్ నుంచి 10 సెంటీమీటర్ల దగ్గరున్న ఇరుసు నుంచి టేపు దాకా ఎంత దూరమో, దాని వర్గాన్ని బట్టి. దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగింతలు. అందుకే కొసన అతికించిన చిన్న ముక్క చేతికి అంత తెలుస్తుంది.

రాకెట్ తిరిగిపోతుంటే 3, 9 దగ్గర పెట్టాలి, ఎందుకంటే నడిగీతకు దూరంగా ఉన్న బరువే తిరగడాన్ని అడ్డుకుంటుంది. అదే టేపు 12 దగ్గర పెడితే తిరగడం తగ్గదు, హెడ్ బరువెక్కుతుంది, అంతే. బంతికి లోతు కావాలంటే, కొసవైపు తగిలే బంతులు చచ్చిపోతుంటే 12 దగ్గర పెట్టాలి. రెండూ కొంచెం కొంచెం కావాలనుకునేవాళ్లకు 10, 2.

మొదటి మోతాదు 3, 9 దగ్గర మొత్తం 4 గ్రాములు. అంటే పావు అంగుళం టేపు 10 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు: 3 దగ్గర ఫ్రేమ్ ముందు ముఖానికి ఒకటి, వెనక ముఖానికి ఒకటి, 9 దగ్గర కూడా అలాగే. స్వింగ్‌వెయిట్ సుమారు 7 పెరుగుతుంది. 12 దగ్గరైతే మొదట 2 గ్రాములు మించకండి, అదీ 7 దాకా వెళ్తుంది.

అతికించే ముందు ఫ్రేమ్‌ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, చెమట జిడ్డు మీద టేపు నిలవదు. గ్రామెట్ రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి, లేకపోతే వచ్చే గట్టింగ్‌లో ఊడగొట్టాల్సి వస్తుంది. రెండు పక్కలా కొలత ఒకేలా ఉండాలి. సీసం విషం కాబట్టి పైన మామూలు టేపు ఒక వరస కప్పి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలు తాకే రాకెట్లకు టంగ్‌స్టన్ టేపు వాడండి. ఆట నిబంధనల భయం అక్కర్లేదు. బరువు సర్దడానికి రాకెట్‌కి అతికించినవి, కొలత, స్థానం అతిగా లేకపోతే, చెల్లుతాయి. పాయింట్ జరుగుతుండగా బరువు పంపకం మార్చకూడదు, అంతే.

ఒకసారికి ఒక్క చోటే మార్చండి. మొదటి అరగంట ఏ మార్పైనా బ్రహ్మాండంగా ఉంటుంది, చేయి తాజాగా ఉంటుంది కాబట్టి. తీర్పు చెప్పాల్సింది రెండో గంటలో వేసే సర్వీసులు. అప్పుడు బంతులు నెట్‌కి తగులుతుంటే, ఫోర్‌హ్యాండ్ వెనకబడుతుంటే, సగం టేపు తీసేయండి.

7. హ్యాండిల్‌లో బరువు

హెడ్‌కి టేపు వేశాక బ్యాలెన్స్ కొసవైపు జరుగుతుంది. పాత బ్యాలెన్సే కావాలంటే 12 దగ్గర పెట్టిన ఒక్కో గ్రాముకి బట్‌లో 1.2 గ్రాములు, 3, 9 దగ్గర పెట్టిన గ్రాముకి 0.7 గ్రాములు కలపండి. బట్ క్యాప్‌కి చిన్న తలుపు ఉంటే చదును స్క్రూడ్రైవర్‌తో తెరిచి, గోడకి కాగితాలు అంటించే మెత్తటి పుట్టీని తూచి లోపల అదిమి, పైన దూది కుక్కి మూసేయండి. దూది పెట్టకపోతే వారంలో గిలకలా మోగుతుంది. కొందరు సిలికాన్ పోస్తారు. అది ఆరాక తీయడం నరకం, కాబట్టి అంకె ఖాయమయ్యేదాకా పుట్టీతోనే గడపండి.

హెడ్ లాగుతున్నట్టుంటే లెదర్ గ్రిప్ అన్నిటికంటే శుభ్రమైన ఉపాయం. సింథటిక్ గ్రిప్ 15 గ్రాముల దగ్గర ఉంటే లెదర్ 27 దగ్గర ఉంటుంది. ఆ 12 గ్రాముల తేడా బ్యాలెన్స్‌ని సుమారు 8 మిల్లీమీటర్లు చేతివైపు తెస్తుంది, స్వింగ్‌వెయిట్‌ని దాదాపు కదిలించదు. పలకల అంచులూ చేతికి స్పష్టంగా తెలుస్తాయి. మెత్తదనం మాత్రం తగ్గుతుంది, మోచేతి నొప్పి ఉన్నవాళ్లకు పనికిరాదు.

8. మార్చాలనే తేలితే

ఇప్పటి రాకెట్ అంకెలు రాసుకున్నారు కాబట్టి వెతకడం తేలిక. ఒక్క ఫిర్యాదుకి ఒకటి రెండు లక్షణాలే మారే రాకెట్ వెతకండి. ఆలస్యమవుతుంటే స్వింగ్‌వెయిట్ 10–15 తక్కువ ఉన్నది, నొప్పి ఉంటే ఆర్.ఏ. 60–63 ఉన్నది. హెడ్ సైజు, ప్యాటర్న్, బరువు, పొడవు నాలుగూ ఒకేసారి మారిస్తే పాత సమస్య పోయిందా, కొత్తది వచ్చిందా తెలియదు. బరువు విషయంలో ఎటూ తేల్చుకోలేకపోతే కొంచెం తేలికైనదే తీసుకోండి, తరువాత కలుపుకోవచ్చు.

అరువు తెచ్చిన డెమో రాకెట్‌ని దాని పాత స్ట్రింగులతోనే తూచి చూడటం అన్యాయం. వీలైతే మీరు వాడే స్ట్రింగ్, మీ టెన్షన్‌తో వేయించి, మీ ఓవర్‌గ్రిప్ చుట్టి ఆడండి. కుదరకపోతే మీ రాకెట్‌కీ అదే స్ట్రింగ్ వేయించి పక్కపక్కన పెట్టి చూడండి. బేస్‌లైన్ ర్యాలీలతో సరిపెట్టకండి. రిటర్నులు, రెండో సర్వీసు, సాగదీసి అందుకున్న వాలీలు, ఇవే రాకెట్ల మధ్య తేడా బయటపెడతాయి.

రెండో రాకెట్ కూడా కొంటే రెండింటినీ కొలిచి తేలికైనదాన్ని బరువైనదానికి సమం చేయండి. టేపు ఎక్కడ పెట్టాలో లెక్కతోనే తేలుతుంది: ఒక్కోదాని బరువుని దాని బ్యాలెన్స్‌తో గుణించి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి, బరువుల తేడాతో భాగించండి. ఒకటి 318 గ్రాములు, బ్యాలెన్స్ 32.0. ఇంకోటి 323 గ్రాములు, 32.2. అంటే 10,400.6 లోంచి 10,176 పోతే 224.6, దాన్ని 5తో భాగిస్తే దాదాపు 45. తేలికైనదానికి బట్ నుంచి 45 సెంటీమీటర్ల దగ్గర, అంటే హెడ్ కింది పక్కల్లో, అటు 2.5 ఇటు 2.5 గ్రాములు. తరువాత రెండింటి స్వింగ్‌వెయిట్ కొలవండి. ఇంకా 5 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ 5 గ్రాములను ఒకే చోట కాకుండా కొంత కొసకి, కొంత హ్యాండిల్‌కి విడగొట్టి మళ్లీ కొలవాలి. ఇదంతా చేసే ముందు రెండింటికీ ఒకే రోజు, ఒకే మెషీన్ మీద గట్టింగ్ చేయించి ఉండాలి, లేకపోతే మీరు కొలుస్తున్న తేడా స్ట్రింగులదే కావచ్చు.